పేరు తెలిస్తే చాలదు, పని తెలియాలి

ఇంగ్లీష్ అలంకారాలు, కఠిన పదాలు పట్టుబడే దారి

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు కాసేపు నిలబడి, ఎవరో చదివి అమ్మేసిన జీఆర్ఈ పుస్తకాలు తిరగేయండి. చాలావాటిలో ఒకే సంగతి కనిపిస్తుంది. పదాల జాబితా మొదటి పేజీల నిండా పెన్సిల్ గీతలు, అంచుల్లో తెలుగు అర్థాలు, పక్కన టిక్కులు ఉంటాయి. అబేట్, అబెరెంట్, అబ్‌స్కాండ్ దగ్గర ఉన్న ఉత్సాహం ‘సి’ అక్షరానికి వచ్చేసరికి పలచబడుతుంది. ‘ఎమ్’ దాటాక కాగితం మీద చెయ్యి పడిన ఆనవాలే ఉండదు.

ఆ పుస్తకం కొన్న విద్యార్థి బద్ధకస్తుడని నేను ఒప్పుకోను. ఇంజనీరింగ్ చదువుతూ, సాయంత్రం కోచింగ్‌కు వెళ్లి, రాత్రి హాస్టల్ గదిలో జాబితా ముందు కూర్చున్న పిల్ల బద్ధకస్తురాలు ఎలా అవుతుంది? ఆమె శ్రమలో లోటు లేదు. పదానికి ఎదురుగా అర్థం రాసుకుని బట్టీ పట్టడమే చదువని ఆమెకు ఎవరో చెప్పారు. ఆ పద్ధతి ఆమె శ్రమను మింగేసింది.

అలంకారాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. మెటఫర్, మెటానమీ, సినెక్‌డకీ, లైటోటీస్, అనాఫొరా అంటూ పేర్లు, నిర్వచనాలు నోటికి వస్తాయి. ఒక పేరా ఇచ్చి ‘రచయిత ఇక్కడ ఏం చేస్తున్నాడు?’ అని అడిగితే నోరు పెగలదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రతి పదానికీ, ప్రతి అలంకారానికీ వాక్యంలో ఒక పని ఉంటుంది. ఆ పనిని పట్టుకుంటే పేరు దానంతటదే గుర్తుంటుంది. ఈ పనిని పట్టుకోవడానికి కావలసిన సరంజామాలో సగం తెలుగు మాధ్యమంలో చదువుకున్న మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ముందు పరీక్షను చదవండి

ఏ పరీక్ష ఏం అడుగుతుందో తెలియకుండా పదాలు పోగేయడం వృథా శ్రమ.

జీఆర్ఈ తీసుకోండి. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్షను కుదించారు. ఇప్పుడు మొత్తం సమయం 1 గంట 58 నిమిషాలు. వెర్బల్ భాగంలో రెండు సెక్షన్లు ఉంటాయి. మొదటిదానిలో 18 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోదానిలో 23 నిమిషాలకు 15 ప్రశ్నలు. స్కోరు 130 నుంచి 170 మధ్య ఇస్తారు. అంతకన్నా పెద్ద మార్పు 2011లోనే వచ్చింది. ఒక పదం ఇచ్చి దాని వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలూ, అనాలజీలూ అప్పుడే పోయాయి. అంటే ఇప్పుడు విడి పదం ఎక్కడా ఎదురుపడదు. ప్రతి పదమూ ఒక వాక్యంలోనో, పేరాలోనో కూర్చుని వస్తుంది. పాత పరీక్ష కోసం పుట్టిన అక్షరక్రమం జాబితాలను ఇప్పటికీ మనం మోస్తున్నాం.

ఈ పరీక్షలో ‘మెటఫర్ అంటే ఏమిటి?’ అని ఎవరూ అడగరు. అయితే రీడింగ్ కాంప్రహెన్షన్ జవాబుల్లో ‘ఒక వాదనను క్వాలిఫై చేయడానికి’, ‘ఒక అభ్యంతరాన్ని ముందే ఊహించి జవాబు చెప్పడానికి’ వంటి మాటలుంటాయి. ఇవి వాదనకు సంబంధించిన పారిభాషిక పదాలు. ఇవి తెలియకపోతే పేరా అర్థమైనా జవాబు తప్పుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో టీచరు ఉద్యోగానికి రాసే డీఎస్సీ దారి వేరు. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్‌కు చదివేవారు ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ తెలియకుండా పరీక్ష హాల్లోకి వెళ్లకూడదు. రేపు తరగతిలో పద్యం చెప్పేటప్పుడూ వాళ్లకు కావలసింది అదే. ఎస్ఎస్‌సీ వంటి కేంద్ర ఉద్యోగ పరీక్షల్లో సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు, నుడికారాలు ఇప్పటికీ నేరుగా అడుగుతారు. అమెరికాలో హైస్కూలు చదివే మన పిల్లలు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో ఒక వ్యాసం పేరే రెటారికల్ అనాలిసిస్. ఒక రచన చదివి, రచయిత ఏ ఉపాయాలతో మనల్ని ఒప్పిస్తున్నాడో విప్పి చెప్పాలి.

మీరు రాసేది ఏ పరీక్షో కాగితం మీద రాసుకోండి. దాని పాత ప్రశ్నలు ఇరవై ముందు పెట్టుకుని, ఒక్కో ప్రశ్న మిమ్మల్ని పేరు అడుగుతోందా, పని అడుగుతోందా, వాడుక అడుగుతోందా గుర్తు పెట్టండి. ఈ గంట పనితో మీ చదువుకు దిక్కు తెలుస్తుంది.

పదో తరగతి తెలుగు పుస్తకం దులిపి తీయండి

ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి, శ్లేష, వృత్త్యనుప్రాస, ముక్తపదగ్రస్తం. పదో తరగతిలో మార్కుల కోసం ఇవన్నీ నేర్చుకున్నాం. లక్షణం చెప్పి, ఉదాహరణ ఇచ్చి, సమన్వయం రాశాం. ఆ సమన్వయం రాయడమే ఇంగ్లీష్‌లో రెటారికల్ అనాలిసిస్‌కు తొలి మెట్టు. దేన్ని దేనితో పోల్చారు, సమాన ధర్మం ఏది అని వెతికిన బుద్ధే ఇక్కడా పనిచేస్తుంది.

సిమిలీకి ఉపమ, మెటఫర్‌కు రూపకం, హైపర్‌బొలీకి అతిశయోక్తి, పన్‌కు శ్లేష దగ్గరి చుట్టాలు. అనడిప్లోసిస్ అన్న పేరు చూసి భయపడే విద్యార్థికి అది ముక్తపదగ్రస్తమేనని చెబితే సగం భయం పోతుంది. ‘చదువుతో కొలువు, కొలువుతో నిలువ, నిలువతో నిబ్బరం’ అన్నప్పుడు ఒక ముక్క చివరి మాట తరువాతి ముక్కకు మొదలవుతోంది. రెండు భాషల్లోనూ ఈ ఉపాయం చేసే పని ఒకటే. ఒక సంగతి నుంచి ఇంకో సంగతి తప్పనిసరిగా పుడుతుందన్న నమ్మకాన్ని అది కలిగిస్తుంది.

అన్నీ ఇలా అతకవు. ఉత్ప్రేక్షకు ఇంగ్లీష్‌లో సరిసమానమైన పేరు లేదు. వృత్త్యనుప్రాసలో హల్లు ఎక్కడైనా మళ్లీ మళ్లీ రావచ్చు. అలిటరేషన్ అన్నప్పుడు ఎక్కువగా పదాల మొదటి ధ్వని చూస్తారు. మెటానమీని మన అలంకారాల పట్టికలో వెతికితే దొరకదు. అది శబ్దశక్తుల దగ్గర, లక్షణ అన్న పేరుతో ఉంది. గంగ మీద పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం చూడండి, ఆ శక్తి. కనుక తెలుగు పేరును తాళంచెవిగా వాడండి. లోపలికి వెళ్లాక ఇంగ్లీష్ అలంకారాన్ని దాని తీరులోనే చూడండి.

శాస్త్రం పేర్లు మరచిపోయినవారికి ఇంట్లో మాటలే చాలు. ‘బియ్యం నిండుకున్నాయి’ అని అమ్మ అన్నప్పుడు డబ్బా ఖాళీ అని మనకు తెలుసు. లేమిని నోట పలకకుండా నిండుదనంతో చెప్పింది. అది యూఫమిజం. ‘ఆయనేం తక్కువవాడు కాదు’ అంటే చాలా ఘటికుడని. కాదనడంతో అవుననిపించడం లైటోటీస్. ‘నాలుగు చేతులు పడితే గానీ పని తెమలదు’ అన్నప్పుడు చేతులంటే మనుషులు. భాగంతో మొత్తాన్ని చెబితే సినెక్‌డకీ. ‘అమరావతి ప్రతిపాదన పంపింది, ఢిల్లీ ఇంకా తేల్చలేదు’ అన్న వార్తలో ఊళ్ల పేర్లు ప్రభుత్వాల బదులు నిలిచాయి. సంబంధం ఉన్నదాని పేరుతో చెబితే మెటానమీ. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ యాంటిథెసిస్. ‘బతకడానికి తినాలి, తినడానికి బతకకూడదు’ అన్నప్పుడు మాటలు తారుమారై తిరిగి వచ్చాయి. అది కయాస్మస్. ‘ఆయన మాత్రనూ కోపాన్నీ ఒకే గుటకలో మింగాడు’ అంటే ఒక క్రియ రెండు వేరువేరు తరహాల కర్మలను లాక్కెళుతోంది. అది జూగ్మా.

తీసి చూసే పరీక్ష

అలంకారం దొరికాక మూడు ప్రశ్నలు వేయండి. ఎక్కడ ఉంది? ఏం చేస్తోంది? తీసేస్తే ఏం పోతుంది? మూడో ప్రశ్నే అసలైనది.

‘రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ’ అంటాం. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటినవారికి ఈ మాట కొత్త కాదు. దీన్నే ‘మే చివర్లో ఎండ ఎక్కువ’ అని మార్చండి. సమాచారం అలాగే ఉంది. పోయిందేమిటి? రాతిని కూడా చీల్చే బలం పోయింది. ఆ ఎండలో నిలబడ్డ మనిషి గోడు పోయింది. ఇప్పుడు జవాబు రాయండి: ‘రచయిత అతిశయోక్తితో ఎండను వాతావరణ వివరం స్థాయి నుంచి ప్రాణాంతకమైన శక్తి స్థాయికి పెంచాడు. దానివల్ల పాఠకుడికి ఆ మనుషుల బాధ మీద సానుభూతి కలుగుతుంది.’ ఇది విశ్లేషణ. ‘ఇక్కడ హైపర్‌బొలీ ఉంది’ అని ఆగిపోతే అది గుర్తింపు మాత్రమే. పరీక్షకుడు మార్కులు వేసేది విశ్లేషణకు.

ఇంకో మాట. రచయిత అలంకారం వాడాడు కాబట్టి ‘చదువరిని ఆకట్టుకోవడానికి’ అని రాసే అలవాటు మానుకోండి. ఏ అలంకారానికైనా సరిపోయే జవాబు దేనికీ సరిపోదు. ఈ అలంకారం, ఈ వాక్యంలో, ఈ పాఠకుడికి ఏం చేసిందో చెప్పాలి.

వాదనకు వాడే మాటలు

జీఆర్ఈ, శాట్ రాసేవారికి ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ కన్నా ఈ భాగం ముఖ్యం. కన్సీడ్ అంటే ఎదుటివారి మాటలో నిజం ఉన్నంత మేరకు ఒప్పుకోవడం. రెఫ్యూట్ అంటే తప్పని నిరూపించడం. అండర్‌మైన్ అంటే వాదన కింది నేలను బలహీనపరచడం. కారొబరేట్ అంటే వేరే ఆధారంతో బలపరచడం. క్వాలిఫై దగ్గర మనవాళ్లు తరచు జారిపడతారు. ‘పరీక్షలో క్వాలిఫై అయ్యాడు’ అన్న అలవాటుతో అర్హత అనుకుంటారు. వాదనను క్వాలిఫై చేయడమంటే ‘ఎప్పుడూ’ అన్నదాన్ని ‘కొన్ని సందర్భాల్లో’ అని హద్దు గీయడం.

ఇలా బాగా తెలిసిన ముఖంతో వచ్చి మోసం చేసే పదాలకు వేరే పేజీ పెట్టండి. లోన్ శాంక్షన్ అయిందంటే ఆమోదం. ఒక దేశం మీద శాంక్షన్లు విధించారంటే ఆంక్షలు. టెంపర్ అంటే కోపమే అనుకుంటాం. క్రియగా వాడితే తీవ్రతను తగ్గించడం. ఫ్లాగ్ అంటే జెండా. ఉత్సాహం ఫ్లాగ్ అయిందంటే నీరసించడం. కఠినంగా కనిపించే పదం దగ్గర విద్యార్థి జాగ్రత్తపడతాడు. తేలిక పదం దగ్గర ఆగడు. అందుకే అక్కడ ఎక్కువ మార్కులు పోతాయి.

వాదన నడకను మన శాస్త్రాలు ఎప్పుడో విడదీశాయి. ఎదుటివాడి అభ్యంతరాన్ని ముందు తానే చెప్పి, తరువాత ఖండించి, సిద్ధాంతం చేయడం పూర్వపక్షం పద్ధతి. పేరాలో ‘కొందరు ఇలా అంటారు’ అని మొదలైతే రచయిత అభిప్రాయం అదని పొరబడకండి. అది పూర్వపక్షం కావచ్చు. కొంచెం ఆగితే ‘అయితే’ అన్న మలుపు వస్తుంది. ఇంగ్లీష్ పేరాలో హవెవర్, యెట్, నెవర్‌దలెస్ కనబడగానే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి.

న్యాయశాస్త్రం చెప్పిన ఐదు అవయవాలు, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం, జీఆర్ఈలో 30 నిమిషాల వ్యాసానికి చక్కని చట్రం. ‘ప్రకృతిని కాపాడటానికి ప్రభుత్వం జీవనోపాధికి హద్దులు పెట్టవచ్చా?’ అన్న విషయం ఇచ్చారనుకోండి. ‘పెట్టవచ్చు, కానీ ప్రత్యామ్నాయం చూపాలి’ అనేది మీ ప్రతిజ్ఞ. ఒకసారి పాడైన చిత్తడి నేల మళ్లీ కోలుకోవడానికి చాలా కాలం పడుతుందన్నది హేతువు. ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో తొలగించారు. ఆ ఉదాహరణ మీ ప్రతిజ్ఞను ఎలా బలపరుస్తుందో చెబితే ఉపనయం. మధ్యలో చెరువుల మీద బతికిన కుటుంబాల కష్టాన్ని నిజాయతీగా ఒప్పుకోండి. అది పూర్వపక్షం. ఆ ఒప్పుకోలు మీ నిగమనానికి బరువు తెస్తుంది. ఊరు తెలిసినవాడు రాసిన ఇలాంటి వ్యాసం, అందరూ రాసే అరువు ఉదాహరణల మధ్య ప్రత్యేకంగా నిలుస్తుంది.

కఠిన పదాల వెనుక తెలిసిన వేళ్లు

తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాషని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. అయినా మన మాటల్లో సంస్కృతం నుంచి వచ్చినవి కోకొల్లలు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ మూలం ఒకటై ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించాడు. ఇంగ్లీష్‌లో కఠిన పదాలు చాలావరకు ఆ గ్రీకు, లాటిన్ నుంచే వచ్చాయి. కాబట్టి మనకు తెలిసిన తత్సమాల ద్వారా వాటి దగ్గరకు దారి ఉంది.

జ్ఞానం గుర్తుంటే ‘గ్నో’ తెలుస్తుంది. కాగ్నిషన్, అగ్నాస్టిక్, ప్రోగ్నోసిస్ అన్నీ తెలియడం చుట్టూ తిరిగేవే. నామం గుర్తుంటే నామినల్, ఇగ్నోమినీ. ఇగ్నోమినీ అంటే పేరు పోవడం, అపకీర్తి. నవ గుర్తుంటే నావిస్, ఇన్నొవేట్, రెనొవేట్. వాక్కు గుర్తుంటే వొసిఫరస్, ఈక్వివొకల్. జన గుర్తుంటే ప్రొజెనీ, కంజెనిటల్, ఇండిజినస్. పాదం గుర్తుంటే ఇంపీడ్: కాళ్లకు అడ్డుపడటం. మృతి గుర్తుంటే మోరిబండ్: కొనఊపిరితో ఉన్నది. సమ, జన రెండూ తెలిస్తే హోమోజీనియస్ మీదే: ఒకే తరహాకు చెందినది.

పోలిక కనిపించిన ప్రతిచోటా చుట్టరికం ఉండదు. డిక్షనరీలో పద మూలం చూసి ఖాయం చేసుకోండి. మూలం తెలిసినా నేటి అర్థం ఎటో మళ్లి ఉండవచ్చు. వేరు మీకు జ్ఞాపకానికి ఆసరా ఇస్తుంది. అర్థం మాత్రం వాక్యమే చెప్పాలి.

పదం ఎవరితో తిరుగుతుందో చూడండి

ఒకే అర్థం రాసుకున్న పదాలు ఒకచోట కుదరవు. డబ్బు జాగ్రత్తగా వాడేవాడిని ఫ్రూగల్ అంటే మెచ్చుకోలు. పార్సిమోనియస్ అంటే పిసినారి అన్న ఛాయ. తెలుగులో ‘పొదుపరి’, ‘పీనాసి’ మధ్య ఉన్న తేడా అంతా అక్కడ ఉంది. పదం రాసుకునే కార్డు మీద అర్థం పక్కన మెచ్చుకోలైతే కూడిక గుర్తు, నిందైతే తీసివేత గుర్తు, రెండూ కాకపోతే సున్నా పెట్టండి. ఖాళీ నింపే ప్రశ్నల్లో చాలాసార్లు ఈ గుర్తే జవాబు తేలుస్తుంది.

పదాన్ని మీ ఊరి వాక్యంలో కూర్చోబెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ఆ వరద ఒక్కటే ఎన్ని పదాలకు చోటిస్తుందో చూడండి. కాలనీలు ఇనండేట్ అయ్యాయి. వాన అబేట్ అయినా నీళ్లు వెంటనే రిసీడ్ కాలేదు. గండ్లు పరిస్థితిని ఎగ్జాసర్బేట్ చేశాయి. సాయం జనం బాధను కొంత అలీవియేట్ చేసింది. మళ్లీ నిలబడ్డ కుటుంబాలు రెజిలియెంట్. ఆరు పదాలూ ఒక కథలో కలిశాయి, ఇక విడిపోవు. ఇంగ్లీష్ దినపత్రిక సంపాదకీయం రోజూ ఒకటి చదివితే ఇలాంటి సందర్భాలు వాటంతటవే దొరుకుతాయి.

ఇద్దరు కలిసి చదివితే ఇంకా మేలు. హాస్టల్ గదిలో మిత్రులు ఇలా ఒకరినొకరు అడగవచ్చు:

‘ఒరేయ్, మిటిగేట్ అంటే?’

‘తగ్గించడం.’

‘దేన్ని రా? జీతాన్నా?’

‘కాదు... నష్టాన్ని, తీవ్రతని.’

‘అయితే వాక్యం చెప్పు.’

‘బుడమేరు గట్లు గట్టిపరిస్తే వరద నష్టం మిటిగేట్ అవుతుంది.’

‘ఇదే ఇంగ్లీష్‌లో రాసి చూపించు.’

‘దేన్ని?’ అన్న ప్రశ్న దగ్గరే అసలు చదువు జరిగింది.

అవధాని నేర్పే జ్ఞాపకం

కృష్ణా తీరానికి అవధానం కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి, రెండోవారి దగ్గరకు, మూడోవారి దగ్గరకు వెళతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం. మళ్లీ మొదటివారి దగ్గరకు వచ్చి, ఆపిన చోటు నుంచి అందుకుంటాడు. చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తాడు. ఎదురుగా పుస్తకం లేదు. ప్రతిసారీ విరామం తరువాత, వేరే ఆలోచనల మధ్య నుంచి, లోపలున్నదాన్ని బయటకు లాగాలి.

జ్ఞాపకం మీద పరిశోధనలు చెప్పేదీ ఇదే. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీదే ప్రయోగాలు చేసి, నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని చూపాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠాలిచ్చి పరీక్షించారు. కొందరు పదే పదే చదివారు, కొందరు చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే పదే పదే చదివినవారిదే పైచేయి. వారం తరువాత చూస్తే గుర్తు తెచ్చుకున్నవారు ముందున్నారు. మళ్లీ చదివినప్పుడు కలిగే ‘నాకు వచ్చేసింది’ అన్న ధీమా మనల్ని మోసగిస్తుందన్నమాట.

పద్ధతి ఇదీ. చిన్న కార్డుకు ఒకవైపు పదం, రెండోవైపు అర్థం, గుర్తు, మీ సొంత వాక్యం రాయండి. రోజుకు పది కార్డులు చాలు. మరునాడు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు పదం వైపు మాత్రమే చూసి, వాక్యం పైకి చెప్పి, తరువాతే తిప్పండి. తప్పిన కార్డు మళ్లీ మొదటి రోజు కట్టలోకి వెళ్లాలి. కార్డులను కలిపేయండి, అక్షరక్రమం వద్దు. ఒకేలా కనిపించే పదాలను ఒకేరోజు నేర్చుకోవద్దు. ఆదివారం కొత్త పదాలు మానేసినా నాలుగు నెలల్లో దాదాపు వెయ్యి పదాలు మీవవుతాయి.

ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోండి. హైపర్‌బొలీ, ఎపిటమీ అని కార్డు మీద ఉంటే ‘హైపర్‌బౌల్’, ‘ఎపిటోమ్’ అని తప్పు పలకరు. పలకడం వచ్చిన పదాన్ని వాడటానికి నోరు వెనకాడదు.

రెండు భాషలూ మీవే

‘తెలుగు మీడియం వాళ్లం, మాకిది వస్తుందా?’ అని అడిగే పిల్లలకు నేను బందరు చరిత్ర గుర్తు చేస్తాను. 1843లో రాబర్ట్ నోబుల్ అక్కడ పాఠశాల పెట్టాడు. అదే నోబుల్ కాలేజీ అయింది. బందరులోనే పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పారు. తరువాత 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న ముట్నూరి కృష్ణారావు ‘కృష్ణాపత్రిక’ను తెలుగు గద్యానికి గర్వకారణంగా తీర్చిదిద్దారు. ఒక ఊళ్లో, దాదాపు ఒకే తరంలో, ఇంగ్లీష్ వాగ్ధాటీ తెలుగు అవధానమూ పక్కపక్కనే పెరిగాయి. ఒకటి పెరగాలంటే రెండోది తగ్గాలన్న నియమం ఎక్కడా లేదు. తెలుగులో మాట నాడి పట్టినవాడు ఇంగ్లీష్‌లోనూ పట్టగలడు.

పదాలు వచ్చాక వాటిని వ్యాసంలో గుప్పించకండి. పది కఠిన పదాలతో అర్థం మసకబారిన వాక్యం కన్నా, ఒక సరైన పదంతో స్పష్టమైన వాక్యం మేలు. మీరు నేర్చుకున్న పదం సరిగ్గా ఆ చోటుకే కావాలనిపించినప్పుడు వాడండి. మార్కుల కోసమే మొదలుపెట్టినా, ఈ శ్రమ ఫలం పరీక్షతో అయిపోదు. ఎన్నికల ఉపన్యాసం, లోన్ ప్రకటన, అడ్మిషన్ల కరపత్రం మీ మీద ఏ ఉపాయం ప్రయోగిస్తున్నాయో మీకు కనిపించడం మొదలవుతుంది. మాటల పని తెలిసిన మనిషిని మాటలతో మోసగించడం కష్టం. మీరు అలాంటి మనిషి కావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఈ వారం చేయవలసినవి

1. సోమవారం: మీ పరీక్ష పాత ప్రశ్నలు ఇరవై తీసి, పేరు, పని, వాడుక అని మూడు రకాలుగా విడదీయండి.

2. మంగళవారం: ఇంట్లో, బస్సులో, బజారులో విన్న మాటల్లో ఐదు అలంకారాలు పట్టుకుని, ఒక్కోదానికి ఇంగ్లీష్ పేరు రాయండి.

3. బుధవారం: ఆ ఐదింటినీ తీసి చూసే పరీక్షకు పెట్టండి. ‘తీసేస్తే ఏం పోతుంది?’ అన్నదానికి రెండేసి వాక్యాలు రాయండి.

4. గురువారం: జ్ఞానం, నామం, వాక్కు, జన, పాదం వేళ్లతో డిక్షనరీలో రెండేసి కొత్త పదాలు వెతకండి. పది కార్డులు తయారవుతాయి.

5. శుక్రవారం: ఒక సంపాదకీయంలో పూర్వపక్షం ఎక్కడ ముగిసి, సిద్ధాంతం ఎక్కడ మొదలైందో గీత గీయండి.

6. శనివారం: మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని, ఐదు అవయవాల చట్రంలో 30 నిమిషాల్లో ఇంగ్లీష్ వ్యాసం రాయండి.

7. ఆదివారం: కార్డులన్నీ కలిపి, స్నేహితుడి చేతికిచ్చి అడిగించుకోండి. ప్రతి జవాబుకూ ‘దేన్ని?’, ‘ఎవరిని?’, ‘ఎందుకు?’ అని ఎదురు ప్రశ్న వేయమనండి. తడబడిన పదాలతోనే వచ్చే సోమవారం మొదలుపెట్టండి.